ముందు ఫైలు, తర్వాత సాఫ్ట్‌వేర్

(రికార్డింగు నుంచి రాసుకున్న ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఓపెన్‌సోర్స్ టూల్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడదాం అనగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటుంది. ఫొటోషాప్‌కి బదులు ఏది? వర్డ్‌కి బదులు ఏది? పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌కి బదులు ఏది? ఎడమవైపు ఇవి, కుడివైపు అవి అని ఒక పట్టిక గీసి చేతిలో పెడితే అందరం లేచి వెళ్లిపోవచ్చు. ఆ పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. దాన్ని పట్టుకుని సాఫ్ట్‌వేర్ మార్చినవాళ్లు కొన్నాళ్లకే మళ్లీ పాతదానికి ఎందుకు వెళ్లిపోతారు? కొత్తది పనిచేయక కాదండీ. తాము పంపిన ఫైలు అవతలివాళ్ల దగ్గర సరిగ్గా తెరుచుకోక.

కాబట్టి అడగాల్సింది వేరే. ఈ ఫైలును నా తర్వాత ఎవరు తెరుస్తారు? దేంతో తెరుస్తారు? తెరిచి ఏం చేస్తారు, చదువుతారా, దిద్దుతారా, అచ్చు వేస్తారా? ఈ మూడింటికీ జవాబు ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ అన్నది దానంతట అదే తేలిపోతుంది.

మూలవిరాట్టు, ఉత్సవ విగ్రహం అంటాం కదా. మూలవిరాట్టు గర్భగుడి దాటదు. ఊరేగేది ఉత్సవ విగ్రహం. ఫైళ్ల విషయంలోనూ అంతే. మీరు పనిచేసుకునే ఫైలు, పొరలూ, రూపాన్ని ఒకచోట నిర్ణయించే స్టైళ్లూ అన్నీ ఉన్నది, మీ దగ్గరే ఉండాలి, మీ టూలు సొంత ఫార్మాట్‌లోనే ఉండాలి. బయటికి వెళ్లేది దాన్నుంచి తీసిన ఇంకో ఫైలు. మనం చేసే పొరపాటు ఏమిటి? ఊరేగింపు అయ్యాక ఉత్సవ విగ్రహాన్నే గర్భగుడిలో పెట్టేస్తాం. వర్డ్ ఫార్మాట్ అయిన డాక్‌ఎక్స్‌లో పంపుతాం, వాళ్లు దిద్ది వెనక్కి పంపుతారు, అదే మన అసలు ఫైలు అయిపోతుంది. ఇలా నాలుగుసార్లు తిరిగాక నంబరింగు ఒకచోట, మార్జిన్లు ఇంకోచోట. అప్పుడు తిట్టేది సాఫ్ట్‌వేర్‌ని.

సరే, ఫైలు లోపల ఏముంటుందో ఒకసారి చూద్దాం. వర్డ్‌కి బదులు వాడే ఓపెన్‌సోర్స్ టూలు లిబ్రేఆఫీస్ రైటర్. దాని సొంత ఫార్మాట్‌లో సేవ్ చేసిన ఓడీటీ ఫైలు ఒకటి తీసుకోండి. దానికి కాపీ చేయండి. కాపీ అన్నాను, అసలు ఫైలు ముట్టుకోవద్దు. కాపీ పేరు చివర ఓడీటీ తీసేసి జిప్ (ఫైళ్లను మూటగా కట్టే ఫార్మాట్) అని పెట్టి తెరవండి. ఏం కనబడింది? కంటెంట్ అని ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు, అంటే ట్యాగులతో రాసిన మామూలు అక్షరాల ఫైలు. మీరు టైపు చేసిన ప్రధాన పాఠమంతా అందులో ఉంటుంది. స్టైల్స్ అని ఇంకొకటి. మెటా అని ఇంకొకటి, రచయిత పేరూ తేదీలూ దాన్లో. పిక్చర్స్ అనే ఫోల్డరులో మీరు పెట్టిన ఫొటోలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. కంటెంట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, ట్యాగుల మధ్యలో మీ తెలుగు వాక్యాలు కళ్లెదుటే కనబడతాయి.

దీంతో మనకేం పని అంటారా? ఒకరోజు ఫైలు పాడైంది, తెరుచుకోవడం లేదు. రాసింది పోయింది అని తల పట్టుకోకుండా ఇలా లోపలికి వెళ్లి అక్షరాలూ ఫొటోలూ బయటికి తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త. లోపల మైమ్‌టైప్ అని చిట్టి ఫైలు ఉంటుంది, తాను ఏ రకం పత్రమో చెప్పేది. అది జిప్‌లో మొట్టమొదట, కుదించకుండా ఉండాలని నియమం. మీరు మళ్లీ మామూలుగా జిప్ చేసి ఓడీటీ అని పేరు పెడితే ఆ నియమం తప్పుతుంది, కొన్ని ప్రోగ్రాములు గుర్తుపట్టవు. లోపలివి బయటికి తీసుకోవడానికే ఈ చిట్కా, తిరిగి కట్టడానికి కాదు.

డాక్‌ఎక్స్ కూడా జిప్పే. వర్డ్ అనే ఫోల్డరులో డాక్యుమెంట్ ఫైలు, దాని పక్కన మీడియా ఫోల్డరు. బొమ్మలు గీసే టూలు క్రిటా వాళ్ల కేఆర్‌ఏ ఫైలు కూడా జిప్పే. దాని లోపల పొరలన్నీ కలిపేసిన పీఎన్‌జీ బొమ్మ ఒకటి సిద్ధంగా ఉంటుంది. క్రిటా లేని కంప్యూటరులో బొమ్మ చూడాలంటే అది తీసి చూసుకోవచ్చు. పేజీలు కట్టే స్క్రైబస్ ఫైలు, గీతల బొమ్మలకి వాడే ఎస్‌వీజీ ఫైలు రెండూ మామూలు ఎక్స్‌ఎమ్‌ఎల్. ఫొటోలు దిద్దే గింప్ సొంత ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్ మాత్రం ఇలా నోట్‌ప్యాడ్‌లో చదవడానికి రాదు, కానీ దాన్ని చదివే కోడ్ బహిరంగంగానే ఉంది.

ఇప్పుడు అసలు తగువు. ఓడీఎఫ్, అంటే పత్రాల ఓడీటీ, లెక్కల ఓడీఎస్, స్లయిడ్ల ఓడీపీల కుటుంబం, 2005లో ఓయాసిస్ అనే సంస్థ ప్రమాణం అయింది, 2006లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణం అయింది. డాక్‌ఎక్స్ కుటుంబం 2006లో ఎక్మా అనే ఇంకో సంస్థ ప్రమాణం, 2008లో ఐఎస్ఓ ప్రమాణం. "మరి రెండూ ప్రమాణాలే కదా, తేడా ఎక్కడ?" మంచి ప్రశ్న. డాక్‌ఎక్స్‌లో రెండు రకాలున్నాయి, స్ట్రిక్ట్, ట్రాన్సిషనల్ అని. పాత వర్డ్ వెర్షన్ల అలవాట్లు మోసుకొచ్చేది ట్రాన్సిషనల్. వర్డ్ మామూలుగా సేవ్ చేసేది ఏది? ఆ ట్రాన్సిషనలే. దాన్ని ఇంకో ప్రోగ్రాము చదవాలంటే ప్రమాణం చదివితే చాలదు, వర్డ్ ఎలా నడుచుకుంటుందో గమనించి పట్టుకోవాలి. లిబ్రేఆఫీస్ వాళ్లు ఆ పని 2010 నుంచీ చేస్తూనే ఉన్నారు, బాగా చేశారు కూడా. అయినా నూటికి నూరుపాళ్లు కుదరదు. కుదురుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అయితే డాక్‌ఎక్స్ తెరిచినప్పుడు పేజీలు అటూ ఇటూ అయ్యాయంటే ఫార్మాట్‌ను అనే ముందు చూడాల్సింది ఫాంటు. ఎందుకు? కాలిబ్రీలో టైపు చేసిన ఫైలు వచ్చింది, మీ కంప్యూటరులో కాలిబ్రీ లేదు. దాని స్థానంలో వేరే ఫాంటు కూర్చుంటుంది. ఒక్కో అక్షరం వెడల్పులో పిసరంత తేడా. పిసరంతే. కానీ వరుసలో 80 అక్షరాలుంటే చివరి మాట కింది వరుసకు జారుతుంది. పేరాకి ఒక వరుస పెరుగుతుంది. పది పేరాలకి పది వరుసలు. పట్టిక రెండో పేజీలోకి విరిగిపోతుంది. చూసేవాళ్లకి "ఫైలు చెడిపోయింది". ఏమీ చెడలేదు, ఫాంటు లేదు, అంతే.

మందు ఉంది. కార్లీటో అనే ఫాంటు కాలిబ్రీ కొలతలకు సరిగ్గా సరిపోయేలా చేశారు. అక్షరాల రూపం వేరు, వెడల్పు అదే. కేంబ్రియాకి కలాడియా. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, కొరియర్ న్యూలకు లిబరేషన్ ఫాంట్లు. ఈ మూడు కుటుంబాలూ కంప్యూటరులో ఉంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది. మైక్రోసాఫ్ట్ 2023 నుంచి డిఫాల్టుగా తెచ్చిన ఆప్టోస్‌కి మాత్రం ఇలాంటి జోడీ లేదనుకునే పనిచేయండి. ఆప్టోస్‌లో ఫైలు వస్తే, ఇద్దరి దగ్గరా ఉన్న ఫాంటుకి మార్చి పంపమని అడగండి. అడగడంలో తప్పేముంది?

ఏ ఫాంటు లేదో ఎలా తెలుస్తుంది? రైటర్‌లో ఆ వాక్యంలో కర్సరు పెట్టి పైన ఫాంటు పేరున్న పెట్టె చూడండి. పేరు వాలు అక్షరాల్లో కనబడితే ఆ ఫాంటు మీ దగ్గర లేదని అర్థం. టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి లిబ్రేఆఫీస్ కింద ఫాంట్స్ అన్నచోట ఏ ఫాంటుకి బదులు ఏది పెట్టాలో పట్టిక రాసుకోవచ్చు.

ఇక్కడ మనకి, అంటే తెలుగులో టైపు చేసేవాళ్లకి, ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. ఫాంటు మారుస్తారు, ఇంగ్లిషు మారుతుంది, తెలుగు మారదు. ఎంతమందికి ఇది జరిగింది? ఆఁ, అన్ని చేతులు లేస్తున్నాయి. రైటర్‌లో గానీ వర్డ్‌లో గానీ ఒకే వాక్యానికి రెండు ఫాంటు గళ్లుంటాయి. ఒకటి ఇంగ్లిషులాంటి లిపులకి, రెండోది అక్షరాలు కలిసి రూపం మారే కాంప్లెక్స్ లిపులకి. తెలుగు రెండో గడిలోకి వస్తుంది. సైజు కూడా విడిగానే ఉంటుంది. మీరు స్టైలులో మొదటి గడి మార్చి 12 పెట్టారు, రెండో గడిలో పాత సంఖ్యే ఉండిపోయింది. టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్ అండ్ లొకేల్స్ కింద జనరల్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ టిక్ ఉందో లేదో ముందు చూసుకోండి. తర్వాత పేరాగ్రాఫ్ స్టైలు తెరిచి రెండు గళ్లలోనూ ఫాంటూ సైజూ పెట్టండి. నోటో సెరిఫ్ తెలుగు లాంటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఉన్నది పెట్టుకుంటే అవతలివాళ్లకి ఫాంటు ఫైలు కూడా నిస్సంకోచంగా పంపవచ్చు. లేదా ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్ ట్యాబ్‌లో ఫాంటును పత్రంలోనే పొదిగే టిక్ ఉంది. ఫైలు బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఇక యూనికోడ్ కాని, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడు లేని, పాత తెలుగు ఫాంట్లతో చేసిన ఫైళ్లు. వాటిలో నిజానికి ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులే, తెలుగు ముసుగు వేసుకుని ఉన్నాయి. ఫాంటు తీస్తే గోల బయటపడుతుంది. ఇది ఏ ఓపెన్‌సోర్స్ టూలూ దానంతట అది సరిచేయదు. ఆ ఫాంటుకి తగిన కన్వర్టరుతో యూనికోడ్‌కి మార్చాలి, మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ మనిషి కూర్చుని చదివి సరిచూడాలి. పాతవన్నీ మార్చక్కర్లేదు. మళ్లీ వాడబోయేవి మాత్రం కొత్త టూల్‌లోకి తెచ్చేముందే మార్చుకోండి, తెచ్చాక కాదు.

డాక్‌ఎక్స్‌లోనే ఇచ్చిపుచ్చుకోక తప్పని పరిస్థితి చాలామందిది. అప్పుడేం చేయాలి? శీర్షికలకి హెడింగ్ స్టైళ్లు వాడండి, బోల్డు కొట్టి సైజు పెంచి శీర్షిక అనిపించకండి. కొత్త పేజీ కావాలంటే కంట్రోల్ ఎంటర్. ఎంటర్ కీ పన్నెండుసార్లు కొట్టి పేజీ దాటించే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని ఇవాళే ఇక్కడే వదిలేసి వెళ్లండి. ఫొటో దేనికి అతుక్కుని ఉండాలో చెప్పే యాంకర్ అని ఒకటుంటుంది, దాన్ని యాజ్ క్యారెక్టర్ అని పెట్టండి. అప్పుడు ఫొటో ఒక పెద్ద అక్షరంలా వాక్యంతో పాటే నడుస్తుంది, వర్డ్‌లోనూ కదలదు. హెడరు, ఫుటరు మొదటి పేజీకి వేరుగా, అధ్యాయానికి వేరుగా కావాలంటే కొంచెం జాగ్రత్త. రైటర్‌లో అవి పేజీ స్టైళ్లు, వర్డ్‌లో సెక్షన్లు. ఒకదాన్నుంచి ఒకదానికి మారేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. వర్డ్‌లో రెడీమేడ్‌గా దొరికే స్మార్ట్‌ఆర్ట్ బొమ్మలు లిబ్రేఆఫీస్‌లో దిద్దడానికి రావు, చూడటానికే. మార్పుల ట్రాకింగు, కామెంట్లు మాత్రం చక్కగానే దాటుతాయి, భయపడక్కర్లేదు.

అందరూ వర్డే వాడుతున్న బృందంలో మీరొక్కరే లిబ్రేఆఫీస్ వాడుతుంటే? టూల్స్, ఆప్షన్స్‌లో లోడ్‌సేవ్ కింద జనరల్‌లోకి వెళ్లి ఎప్పుడూ డాక్‌ఎక్స్‌లోనే సేవ్ అయ్యేలా పెట్టుకోవచ్చు. చాలామంది అదే సలహా ఇస్తారు. సొంత పత్రాలకి మాత్రం నేను అది వద్దంటాను. మూలం ఓడీటీలో ఉంచుకోండి, పంపేటప్పుడు సేవ్ ఎ కాపీ అని డాక్‌ఎక్స్ తీయండి. సేవ్ యాజ్ కాదు. సేవ్ యాజ్ కొడితే మీరు తెలియకుండా ఆ డాక్‌ఎక్స్‌లోకే వెళ్లిపోతారు, తర్వాత చేసిన దిద్దుబాట్లన్నీ అందులో పడతాయి.

లెక్కల ఫైళ్ల గురించి రెండు మాటలు. ఎక్సెల్ ఫార్మాట్ ఎక్స్ఎల్ఎస్ఎక్స్, లిబ్రేఆఫీస్ కాల్క్ ఫార్మాట్ ఓడీఎస్ మధ్య అంకెలూ సూత్రాలూ బాగానే దాటుతాయి. దాటనివి మాక్రోలు, అంటే ఫైలులోనే రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాములు. విజువల్ బేసిక్ మాక్రో ఉన్న ఫైలు కాల్క్‌లో నడుస్తుందని ఆశపడకండి, కొన్ని నడుస్తాయి, కొన్ని సగంలో ఆగుతాయి. పాత ఎక్స్ఎల్ఎస్‌లోకి మాత్రం సేవ్ చేయకండి. అందులో 65,536 వరుసలే పడతాయి, కొత్తవాటిలో 10,48,576. సీఎస్‌వీ, అంటే గళ్లను కామాలతో విడదీసిన మామూలు అక్షరాల ఫైలు, తెరిచేటప్పుడు కాల్క్ ఒక డైలాగు చూపిస్తుంది, చాలామంది చూడకుండా ఓకే కొట్టేస్తారు. ఆగండి. క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని ఉందా? లేకపోతే తెలుగంతా పిచ్చిగీతలు. సున్నాతో మొదలయ్యే నంబర్లున్న నిలువు వరుసని కింద నొక్కి దాని రకం టెక్స్ట్ అని పెట్టారా? పెట్టకపోతే ఆ సున్నాలు ఎగిరిపోతాయి, సేవ్ చేశారంటే ఇక తిరిగి రావు.

ఇప్పుడు డిజైన్ వైపు వద్దాం. ఇక్కడ ఒక్క టూలుతో అన్నీ చేయాలనుకోవడమే చిక్కు. గింప్‌లో కరపత్రం మొత్తం చేసేస్తారు, అక్షరాలతో సహా. ఎందుకు చేయకూడదు? గింప్ పనిచేసేది చుక్కలతో. అచ్చుకి పంపే బొమ్మలో అక్షరం కూడా చుక్కలైపోతుంది. అంగుళానికి 300 చుక్కల రిజల్యూషన్‌లో ఫొటో బాగుంటుంది, 8 పాయింట్ల తెలుగు ఒత్తు మసకబారుతుంది. కాబట్టి ఫొటో పని గింప్‌లో. చేత్తో గీసే బొమ్మలు క్రిటాలో. లోగో, పటం, గీతలతో చేసేది ఇంక్‌స్కేప్‌లో. అక్షరాలూ ఫొటోలూ కలిపి పేజీ కట్టేది స్క్రైబస్‌లో. నాలుగూ నేర్చుకోవాలా? పేజీ కట్టి అచ్చుకి పంపేవాళ్లు నేర్చుకోవాలి. తెర మీద చూసే పోస్టరు ఒక్కటే చేసేవాళ్లకి ఇంక్‌స్కేప్ చాలు.

అచ్చుకి వెళ్లే ఏ4 పోస్టరు అనుకుందాం. కాగితం 210 బై 297 మిల్లీమీటర్లు. అంచుదాకా రంగు ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కావాలి, అంటే 216 బై 303. కత్తిరించేటప్పుడు కత్తి అర మిల్లీమీటరు పక్కకి పోయినా తెల్లగీత కనబడకుండా అన్నమాట. వెనక ఫొటో ఆ మొత్తానికి 300 పీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్లతో ఉండాలంటే 2551 బై 3579 పిక్సెళ్లు. మీ దగ్గర 1000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో ఉంది, దాన్ని 200 మిల్లీమీటర్లకి సాగదీశారు. ఎంతొచ్చింది? 127 పీపీఐ. గింప్‌లోకి వెళ్లి ఇమేజ్ సైజు పెంచి 300 అని రాసేస్తే సరిపోతుందా? సరిపోదు. అంకె మారుతుంది, లేని వివరం ఎక్కడి నుంచి వస్తుంది?

గింప్‌లో సేవ్ కొడితే ఎక్స్‌సీఎఫ్ మాత్రమే వస్తుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్. 2012లో వచ్చిన 2.8 నుంచీ ఇంతే. చాలామంది దీన్ని విసుక్కుంటారు. నాకైతే ఇది అందులో ఉన్న మంచి నిర్ణయాల్లో ఒకటి అనిపిస్తుంది. మూలవిరాట్టు ఏదో, ఉత్సవ విగ్రహం ఏదో టూలే విడదీసి చెబుతోంది. జేపెగ్‌ని తెరిచి, దిద్ది, మళ్లీ జేపెగ్‌గానే దాచుకుంటూ పోతే ప్రతిసారీ కొంత వివరం పోతుంది. మధ్యలో దాచుకోవడానికి ఎక్స్‌సీఎఫ్ గానీ పీఎన్‌జీ గానీ వాడండి. పీఎన్‌జీలో సీఎమ్‌వైకే, అంటే అచ్చులో వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి, ఉండదని గుర్తుపెట్టుకోండి. సీఎమ్‌వైకే ఫొటో కావాలంటే టిఫ్ ఫార్మాట్. క్రిటాలో సీఎమ్‌వైకేలో నేరుగా పనిచేయవచ్చు. గింప్‌లో 2025లో వచ్చిన 3.0 నుంచి సీఎమ్‌వైకేలోకి ఎక్స్‌పోర్ట్ చేయవచ్చు, కానీ లోపల పని మాత్రం తెర రంగుల పద్ధతి ఆర్‌జీబీలోనే.

ఇంక్‌స్కేప్‌లో నాలుగు గోతులున్నాయి, నాలుగూ చెబుతాను. మొదటిది కొలత. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌కి ముందు అంగుళానికి 90 పిక్సెళ్లు, ఆ తర్వాత 96. పాత ఫైలు తెరిస్తే ఏం చేయమంటావని అడుగుతుంది. చదవకుండా నొక్కేస్తే 100 మిల్లీమీటర్ల బొమ్మ 93.75 అవుతుంది. తెర మీద తెలియదు. కటింగ్ మిషను మీద కోసి, ముక్క గాడిలో ఇమడనప్పుడు తెలుస్తుంది. తెరిచిన వెంటనే కొలత తెలిసిన ఒక గీత పట్టుకుని పైన వెడల్పు చూడండి. రెండోది, టెక్స్ట్ టూలుతో పెట్టె గీసి అందులో టైపు చేయడం. పాత వెర్షన్లలో ఆ పెట్టె ప్రమాణంలోకి ఎక్కని పద్ధతిలో సేవ్ అయ్యేది. బ్రౌజరులో తెరిస్తే అక్షరాలు ఉండాల్సిన చోట నల్లటి దిమ్మ. టెక్స్ట్ మెనూలో కన్వర్ట్ టు టెక్స్ట్ కొడితే మామూలు అక్షరాలవుతాయి. మూడోది నీడలు, బ్లర్‌లు. పీడీఎఫ్‌గా సేవ్ చేసేటప్పుడు అవి చుక్కలుగా మారతాయి, ఆ డైలాగులో మొదటే ఉండే అంకె 96. అలాగే వదిలేస్తే అచ్చులో నీడ గళ్లు గళ్లుగా వస్తుంది. 300 చేయండి. నాలుగోది ఫాంటు. లోగోని బయటికి పంపేటప్పుడు కాపీ తీసి, పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టండి. అక్షరాలు గీతలైపోతాయి, ఫాంటు లేనిచోట కూడా చెదరవు. కాపీలోనే చేయండి, గీతలైన అక్షరంలో తప్పు దిద్దలేరు.

రంగు విషయంలో నలుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎస్‌వీజీలో నలుపు అంటే ఆర్‌జీబీ నలుపు. దాన్ని సీఎమ్‌వైకేకి మార్చితే చాలాసార్లు నాలుగు సిరాలూ కలిసిన నలుపు అవుతుంది. పెద్ద పట్టీకి పర్వాలేదు. చిన్న అక్షరాలకి? నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున ఎర్రగానో నీలంగానో చార కనబడుతుంది. అందుకే చదివే అక్షరాలు ఇంక్‌స్కేప్ నుంచి తేవద్దు. స్క్రైబస్‌లోనే టైపు చేసి బ్లాక్ అనే రంగు ఇవ్వండి, అది నల్ల సిరా ఒక్కటే.

స్క్రైబస్ తెలుగు సరిగ్గా చూపించడం 1.5 వెర్షన్లలో మొదలైంది, స్థిరమైన 1.6 వచ్చింది 2024లో. 1.4లో ఒత్తులు విడిపోతాయి, కాబట్టి ఎవరి దగ్గరైనా అది ఉంటే మార్చేయండి. అయితే 1.6లో ఒకసారి సేవ్ చేసిన ఫైలు 1.4లో తెరుచుకోదు. ఒకే పని చేసే నలుగురూ ఒకేరోజు మారాలి. ఒకరు ముందు మారితే మిగతా ముగ్గురి పనీ ఆగిపోతుంది. ఫొటోలు స్క్రైబస్ ఫైలు లోపల ఉండవు, ఎక్కడున్నాయో అన్న దారి మాత్రమే ఉంటుంది. ఫోల్డరు జరిపితే ఖాళీ చట్రాలు మిగులుతాయి. ఇంకో కంప్యూటరుకి పంపాలంటే కలెక్ట్ ఫర్ అవుట్‌పుట్ అని ఉంది, ఫైలూ ఫొటోలూ ఒక ఫోల్డరులో చేర్చి పెడుతుంది. ఫాంట్లు కూడా చేర్చమని టిక్ పెట్టండి.

పీడీఎఫ్ తీసేముందు ప్రీఫ్లైట్ వెరిఫయర్ వస్తుంది. రిజల్యూషన్ తక్కువైన ఫొటో, చట్రంలో పట్టక మిగిలిపోయిన అక్షరాలు, ఫాంటులో లేని గుర్తు, అన్నీ చూపిస్తుంది. ఇగ్నోర్ బటన్ కూడా పక్కనే ఉంటుంది, పాపం అందరి చెయ్యీ దానిమీదికే పోతుంది. ప్రెస్‌వాళ్లు పీడీఎఫ్‌ఎక్స్, అంటే అచ్చు కోసం ఉన్న పీడీఎఫ్ రకం, అడిగారనుకోండి. మెనూలో ఆ పేరే కనబడటం లేదంటారు చాలామంది. కలర్ మేనేజ్‌మెంట్ ఆన్ చేయలేదు, అందుకని. ఆన్ చేశాక ప్రీ-ప్రెస్ ట్యాబ్‌లో ఇన్ఫో స్ట్రింగ్ అని ఒక గడి ఉంటుంది, తప్పనిసరి. పత్రం శీర్షిక రాస్తే చాలు. అందులోనే ఎక్స్-1ఏ రకం అడిగితే పారదర్శకత ఉండకూడదు, ఎక్స్-4 అయితే ఉండొచ్చు. ఏది కావాలో డిజైన్ మొదలుపెట్టేముందే ప్రెస్‌వాళ్లని అడిగి రాసుకోండి.

ఏళ్ల తరబడి దాచుకోవడానికైతే పీడీఎఫ్‌ఏ అనే రకం. 2005లో వచ్చింది, ఫాంట్లన్నీ లోపలే ఉండాలన్నది దాని మొదటి షరతు. వెరాపీడీఎఫ్ అనే ఓపెన్‌సోర్స్ టూలు అది నిజంగా ఆ ప్రమాణంలో ఉందో లేదో తేల్చి చెబుతుంది. మామూలు పీడీఎఫ్‌కి ఇంకా చిన్న పరీక్ష చాలు. పాప్లర్ అనే ప్యాకేజీలో పీడీఎఫ్‌ఫాంట్స్ అని ఒక కమాండు ఉంది. దాని పక్కన ఫైలు పేరు ఇస్తే ఫాంట్ల జాబితా వస్తుంది, పక్కన చిన్న చిన్న నిలువు వరుసలు. ఈఎమ్‌బీ అన్నచోట నో అని ఉంటే ఫాంటు లోపల లేదు, పంపకండి. యూఎన్ఐ అన్నచోట నో అని ఉంటే అందులో అక్షరాలు వెతకడానికి, కాపీ చేయడానికి రావు. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు తారుమారు కావడం చూసే ఉంటారు. పీడీఎఫ్‌లో గీసి ఉండేది అక్షరాల ఆకారాలు, వాటి వెనక అసలు అక్షరం ఏదన్న సమాచారం సరిగ్గా లేకపోతే అలా అవుతుంది. అందుకే పీడీఎఫ్ ఉంది కదా అని ఓడీటీ పారేయకండి. రైటర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు హైబ్రిడ్ పీడీఎఫ్ అని టిక్ పెడితే ఓడీటీ దాని కడుపులోనే ఉంటుంది. చూసేవాళ్లకి పీడీఎఫ్, లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే దిద్దగలిగే పత్రం. బయటివాళ్లకి మాత్రం అది పంపకండి సుమా, మీ కామెంట్లూ చెరిపిన వాక్యాలూ అన్నీ దాంతోపాటే వెళ్తాయి.

అవతలివాళ్ల నుంచి వచ్చే ఫైళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఫొటోషాప్ పీఎస్‌డీ ఫైలు గింప్, క్రిటా రెండిట్లోనూ తెరుచుకుంటుంది. పొరలు వస్తాయి, స్మార్ట్ ఆబ్జెక్టులూ కొన్ని ఎఫెక్టులూ రావు, అక్షరాలు చాలాసార్లు బొమ్మలుగా వస్తాయి. ఇల్లస్ట్రేటర్ ఏఐ ఫైలును ఇంక్‌స్కేప్ తెరుస్తోందంటే నిజానికి దాని లోపలున్న పీడీఎఫ్ భాగాన్ని తెరుస్తోంది. సేవ్ చేసినవాళ్లు ఆ భాగం వద్దని టిక్ తీసేసి ఉంటే ఏమీ రాదు. ఇన్‌డిజైన్ ఐఎన్‌డీడీ తెరవడం కుదరదు, ఐడీఎమ్ఎల్‌గా తీసి పంపమనండి, స్క్రైబస్ తీసుకుంటుంది. కోరెల్‌డ్రా సీడీఆర్ ఇంక్‌స్కేప్‌లో తెరుచుకుంటుంది, మరీ కొత్త వెర్షన్‌లో చేసినవి మొండికేస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రేఆఫీస్ డ్రా తెరుస్తుంది, కానీ లోపల పాత ఫాంటు ఉంటే ఇందాక చెప్పుకున్న ముసుగు కథే.

ఇక మారదామనుకునే బృందాలకి. పరీక్షకి తేలికైన ఫైళ్లు తీసుకోకండి. మీ దగ్గరున్నవాటిలో పది గడ్డు ఫైళ్లు ఏరండి. పొడవాటి నివేదిక, హెడర్లు మారేది, పట్టికలో పట్టిక ఉన్నది, మాక్రో ఉన్నది, బయటి నుంచి వచ్చిన పీఎస్‌డీ. తెరవండి, ఒక మాట దిద్దండి, సేవ్ చేయండి, అవతలి ప్రోగ్రాములో తెరిచి పాతదాని పక్కన పెట్టి చూడండి. ఊరికే తెరిచి చూస్తే చాలదు, తిరిగి వెళ్లాక ఎలా ఉందన్నదే పరీక్ష. మాక్రోల ఫైళ్లు రెండు మూడు ఉంటే వాటికోసం పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరు ఒకటి ఉంచుకోండి. అందులో నామోషీ ఏమీ లేదు.

వెనకనుంచి ఒకరు అడుగుతున్నారు, పాత వర్డ్ డాక్ ఫైళ్లు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఒకేసారి మార్చేయవచ్చా అని. మార్చవచ్చు. లిబ్రేఆఫీస్‌ని కమాండు నుంచి హెడ్‌లెస్, కన్వర్ట్ టు అనే ఆప్షన్లతో నడిపితే విండో తెరవకుండా ఫోల్డరు మొత్తాన్ని ఓడీటీ చేసేస్తుంది. నడిపేముందు తెరిచి ఉన్న లిబ్రేఆఫీస్ విండోలు మూసేయండి, లేకపోతే ఒక్కోసారి ఏమీ చేయకుండా, ఏమీ చెప్పకుండా ఊరుకుంటుంది. అవుట్‌డైర్ అనే ఆప్షన్‌తో కొత్తవి వేరే ఫోల్డరులో పడేలా పెట్టండి. అయ్యాక రెండు ఫోల్డర్లలో ఫైళ్ల సంఖ్య సరిపోయిందో లేదో లెక్కపెట్టండి, పాస్‌వర్డు ఉన్నవి మారకుండా మిగిలిపోతాయి. మార్చవచ్చు సరే, మార్చాలా? వాటిలో ఎక్కువభాగం మళ్లీ ఎవరూ తెరవరు. తెరిచినప్పుడు తెరిచినదాన్ని మార్చుకోండి. పాత డాక్‌ని చెరపకుండా పక్కనే ఉంచండి. ఇంకెవరైనా అడుగుతారా?